35 అంగుళాల టైర్లకు 4.56 కన్నా 4.88 ఎందుకు మేలు

మీది 2014 నాలుగు తలుపుల జీప్ రాంగ్లర్, ఆటోమేటిక్, ఇరుసుల్లో 3.21 గేర్లు (అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ వైపు షాఫ్టు 3.21 చుట్లు తిరగాలి; ఈ రేషియో పెరిగితే లాగే బలం పెరుగుతుంది). 35 అంగుళాల టైర్లు వేశాక బండి నీరసించిపోయిందని, 4.56 వేయించాలా, 4.88 వేయించాలా అని అడిగారు. నాది 2013 మోడల్, అమరిక అంతా ఇదే. ఈ పనికి నేను రెండుసార్లు డబ్బు పెట్టాను, కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను: 4.88 వేయించండి.

మొదటిసారి నేను కాగితం మీద వేసుకున్న లెక్క ఇది. పాత టైరు వ్యాసం దాదాపు 29.3 అంగుళాలు. 3.21ని 35తో గుణించి 29.3తో భాగిస్తే 3.83 వచ్చింది. ఆ రేషియో ఉంటే బండి కొన్ననాటి తీరుకు తిరిగి వస్తుందన్నమాట. 4.10 అంతకన్నా ఎక్కువే కదా అని ధీమాగా వేయించాను. డెన్వర్ వీధుల్లో హాయిగానే నడిచింది. ఐ-70 రహదారి మీద కొలరాడో కొండల్లోని ఐసెన్‌హవర్ సొరంగం వైపు ఎక్కుతున్నప్పుడు అసలు సంగతి బయటపడింది. ఐదో గేరు నిలవదు, నాలుగుకు దిగుతుంది, మళ్లీ ఐదుకు పోతుంది, అంతలో మూడుకు పడుతుంది. సొరంగం ఉన్నది 11,000 అడుగుల పైన. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. అంటే అక్కడికి చేరేసరికి మూడో వంతు పోయినట్టే.

నా లెక్కలో టైరు వ్యాసం ఉంది, బరువు లేదు. పన్నెండున్నర అంగుళాల వెడల్పున్న బరువైన టైరును తిప్పడానికీ, ఎత్తు పెంచిన బండి గాలిని చీల్చుకుపోవడానికీ పట్టే శ్రమ అందులో ఎక్కడా కనిపించదు. పైగా 3.21 అనేది మైలేజీని దృష్టిలో పెట్టుకున్న గేరు. దాని తీరుకే తిరిగి చేరాలనుకోవడం నా అసలు పొరపాటు.

ఇంజిన్ చుట్ల లెక్క మీరే వేసుకోవచ్చు: గంటకు మైళ్లలో వేగం, ఇరుసు రేషియో, పై గేరు రేషియో, 336 అనే స్థిర సంఖ్య - ఈ నాలుగింటినీ గుణించి టైరు వ్యాసంతో భాగించాలి. మన ఐదు గేర్ల ఆటోమేటిక్‌లో పై గేరు 0.83. గంటకు 65 మైళ్ల వద్ద 3.21తో 1,660 ఆర్‌పీఎం, 4.10తో 2,120, 4.56తో 2,360, 4.88తో 2,530 వస్తాయి. 3.6 లీటర్ల ఇంజిన్ గరిష్ఠ టార్క్ ఇచ్చేది 4,800 వద్ద. కాబట్టి 2,530 అంటే దానికి శ్రమే కాదు. 1,660 వద్ద ఈడ్చుకు రావడమే శ్రమ. టెక్సాస్ దారుల్లో 75 మీద వెళ్లినా 4.56కూ 4.88కూ తేడా 200 లోపే. ఆ కాస్త పెట్రోలు కోసం లెక్క చూసుకుంటే కొలరాడో కొండల్లో మళ్లీ నాలాగే విచారిస్తారు.

మన తరం తర్వాత వచ్చిన రాంగ్లర్, అంటే జేఎల్ మోడల్, ఉన్న మిత్రుల మాట ఇక్కడ వినకండి. వారి ఎనిమిది గేర్ల పెట్టెలో మొదటి గేరే 4.71, పైది 0.67. అదే 4.88 వారికి 65 వద్ద 2,040 మాత్రమే ఇస్తుంది. లెక్కే వేరు.

రెండోసారి 4.88 వేయించాక రాళ్ల దారిలో తేడా ఇంకా బాగా తెలిసింది. 3.59 మొదటి గేరు, 2.72 లో రేంజ్ (ఫోర్ వీల్‌లో నెమ్మదిగా, బలంగా నడిపే గేరు), 4.88 ఇరుసు గుణిస్తే దాదాపు 47.7, మీకిప్పుడున్నది 31.3. బ్లాక్ బేర్ పాస్ అనే నిట్రమైన కొండదారి నుంచి టెల్యురైడ్ వైపు దిగుతున్నప్పుడు బండిని ఇంజినే పట్టి ఉంచింది, నా కాలు బ్రేకు మీద ఊరికే ఆనించి ఉంది. ఇంకా పై రేషియో 5.13 ఎందుకు వద్దంటే, మీ ముందు ఇరుసు డానా 30 అనే రకం. వెనక ఉన్న డానా 44 కన్నా చిన్నది. రేషియో పెరిగేకొద్దీ ఇరుసులోని చిన్న పళ్లచక్రం, అంటే పినియన్, తల ఇంకా చిన్నదవుతుంది.

ముందూ వెనకా ఒకే రేషియో ఉండాలి, లేకపోతే ఫోర్ వీల్‌లో రెండు ఇరుసులూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. 3.21 నుంచి ఇంత దూరం వెళ్తున్నారు కాబట్టి క్యారియర్లు (ఇరుసులో పెద్ద పళ్లచక్రాన్ని మోసే భాగాలు) కూడా మార్చవలసి వస్తుంది. ఖర్చు అడిగేటప్పుడే ఆ మాట అడగండి. మన మెకానిక్‌లు క్రౌన్-పినియన్ అనే ఆ జతను కూర్చడం అందరి వల్లా అయ్యే పని కాదు. పళ్ల మధ్య సందు వెంట్రుకవాసి తప్పినా బండి ఊళ వేస్తుంది. ఇరుసు పని రోజూ చేసే చోటికే వెళ్లండి. బిగించాక మొదటి 20 మైళ్లు మెల్లగా నడిపి బాగా చల్లారనివ్వండి. 500 మైళ్లకు ఆయిల్ మార్చండి.

ఇంకొక సంగతి. టైర్లు వేసినప్పుడు బండి కంప్యూటర్‌లో కొలత మార్చి ఉండకపోతే, మీటరు 60 చూపుతున్నప్పుడు మీరు నిజానికి 70 దాటి వెళ్తున్నారు. గేర్లు పడే రోజున కొత్త రేషియోతో పాటు టైరు వ్యాసం కూడా నమోదు చేయించండి. టేపుతో కొలిచిన వ్యాసమే ఇవ్వండి. టైరు మీద 35 అని ఉన్నా నావి అంతకు కాస్త తక్కువే తేలాయి.