దక్కనీ నల్ల గొర్రె ఉన్నిని చేత్తో ఎలా వడుకుతారు? అది మెత్తగా ఎందుకు ఉండదు?

మెత్తగా లేకపోవడం వడికేవాళ్ల లోపం కాదు. మెత్తటి ఉన్నికి పేరున్న మెరినో జాతి గొర్రె ఉన్ని పోగు మందం దాదాపు 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దక్కనీ పోగు అంతకంటే చాలా లావు, పైగా వెంట్రుకలాంటి గరుకు పోగులు కలిసి ఉంటాయి. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టు అనే సామెత ఊరికే పుట్టలేదు.

ముందు గొర్రెల్ని చెరువులో కడిగి, కత్తెరతో ఉన్ని తీస్తారు. చిక్కుల్లో ఇరుక్కున్న ముళ్లు, గడ్డి ఏరేసి, వింటి నారితో ఏకుతారు. ఆ దెబ్బలకు ముద్దగా ఉన్నది దూదిలా విచ్చుకుంటుంది. తర్వాత కదురు మీద వడకడం. ఒక చెయ్యి కదురు తిప్పుతుంటే రెండో చేతి వేళ్ల మధ్య నుంచి ఉన్ని కొంచెం కొంచెంగా జారాలి. కొత్తవాళ్లు ఎక్కువ వదిలేస్తారు, పోగు ఒకచోట ఉబ్బి పక్కనే తెగిపోతుంది. నా సలహా: మొదట లావుగానే వడకండి, సన్నదనం కోసం టెన్షన్ పడొద్దు. సబ్బుతో జిడ్డంతా వదిలించకండి; వేళ్లకు తగిలే ఆ కొవ్వే వాన చినుకుల్ని ఆపుతుంది.

నేతకు ముందు పడుగుకు, అంటే మగ్గం మీద నిలువుగా సాగదీసే పోగులకు, చింతగింజల గంజి పట్టిస్తారు. తెలంగాణలో గొర్రెలు కాసే కురుమల ఇళ్లలో వడకడం ఎక్కువగా ఆడవాళ్ల పని.

మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు రకంతో సంకరం చేయడం వల్ల అసలు నల్ల గొర్రెలు బాగా తగ్గిపోయాయి. అందుకే ఉన్ని కొనేటప్పుడు ఏ మంద నుంచి వచ్చిందో తప్పకుండా అడగండి.