ఊరు చూసే ముందు ఆ ఊరి తిండి చదువు

చిరంజీవి మేనకోడలికి, ఆశీస్సులు.

టికెట్లు తీసుకున్నావనీ, ప్రయాణానికి ఇంకా ఆరు వారాలుందనీ మీ అమ్మ చెప్పింది. ఈపాటికి హోటళ్ళ రేటింగులు చూడటం మొదలుపెట్టే ఉంటావు. ఆ పని చివరి వారానికి వాయిదా వెయ్యి. ఎక్కడ తినాలో రేటింగు చెప్తుంది గానీ, పళ్ళెంలోకి వచ్చినదాన్ని ఎలా గుర్తుపట్టాలో చెప్పదు. దానికి నువ్వు వెళ్ళే దేశపు తిండి గురించి బాగా రాసినవాళ్ళని చదవాలి.

మూడు పుస్తకాలు చాలు. ఒకటి బయటి నుంచి వెళ్ళినవాళ్ళు రాసింది, ఒకటి అక్కడే పుట్టి పెరిగినవాళ్ళది (అనువాదమైనా పర్వాలేదు), మూడోది వంటల పుస్తకం. బయటివాళ్ళు నోరు తెరుచుకుని చూసిన సంగతి లోపలివాళ్ళు అసలు రాయనే రాయరు, వాళ్ళకది రోజూ ఉండేదే కనక. ఫలానా వంటకంలో ఉల్లిపాయ పడాలా వద్దా అని లోపలివాళ్ళు తగువులాడుకుంటుంటే, ఆ తేడా బయటివాళ్ళ నాలుకకి అందదు. అందుకే రెండూ కావాలి.

వంటల పుస్తకంలో కొలతలు దాటేసి, ప్రతి వంటకానికీ ముందుండే నాలుగైదు వాక్యాలు చదువు. ఏ నెలలో చేస్తారు, ఏ పూట తింటారు, దేంతో కలుపుతారు, వేడిగానా చల్లారాకనా అన్నవన్నీ అక్కడే దొరుకుతాయి. పెల్లెగ్రీనో అర్తూజి ఇటలీ వంటల పుస్తకం 1891లో 475 వంటకాలతో మొదలై, ఆయన బతికుండగానే 790కి పెరిగింది. అందులో చాలా వంటకాల పేర్లకి ఊరి పేరు అంటుకుని ఉంటుంది. అది చదివినవాళ్ళు ‘ఇటలీ భోజనం’ అని వెతకరు, దిగిన ఊరిదేమిటని అడుగుతారు.

శాకాహారివి కనక నీకు ఇంకో లాభం. మెనూలో కూరగాయల సూప్ అనే ఉంటుంది. అడుగున ఎముకలు మరిగించిన నీళ్ళో, పంది కొవ్వో, చేపల సాసో ఉండొచ్చు. మెనూ చెప్పని ఆ సంగతి పదార్థాల జాబితా చెప్తుంది. అలాంటివి ఐదారు కనిపిస్తాయి, వాటి పేర్లు అక్కడి భాషలోనే రాసుకో.

పుస్తకం తెరవగానే రెండు సంవత్సరాలు చూడు: అచ్చైంది ఎప్పుడు, అందులో కథ ఎప్పటిది. అమెరికన్ పాత్రికేయుడు ఎ.జె. లీబ్లింగ్ తన పారిస్ భోజనాల జ్ఞాపకాలు రాసిన ‘బిట్వీన్ మీల్స్’ 1962లో వచ్చింది, కానీ అందులో ఎక్కువగా కనిపించేది 1926-27 నాటి పారిస్. అందులోని హోటల్ వెతుక్కుంటూ వీధులు తిరిగితే కాళ్ళనొప్పులే. హోటల్ పేరు కొట్టేసి వంటకం పేరు ఉంచుకో. హోటళ్ళు మూతపడ్డా వంటకాలు అంత త్వరగా పోవు.

పుస్తకంలో ఉన్నంత రుచి అక్కడ లేదేమిటని నిరాశపడేవాళ్ళు చాలామంది. రాసినవాళ్ళ ఆకలినీ, పక్కన కూర్చున్న మనుషులనీ మనం లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల వచ్చే చిక్కిది. బ్రిటిష్ రచయిత్రి ఎలిజబెత్ డేవిడ్ మధ్యధరా వంటల పుస్తకం 1950లో వచ్చేనాటికి బ్రిటన్‌లో ఆహారం ఇంకా రేషన్ మీదే ఉంది, 1954 దాకా అంతే. నిమ్మకాయ, ఆలివ్ నూనె, వెల్లుల్లి గురించి ఆవిడ వాక్యాలు అంత బాగుండటానికి సగం కారణం అవి దొరక్కపోవడమే అని నా లెక్క. అందుకని వర్ణనని హామీ పత్రంలా చదవకు.

జేబులో పట్టే నోటు పుస్తకం ఒకటి పెట్టుకో. అందులో పన్నెండు పేర్లకి మించి రాయకు. ఎక్కువైతే అది సరుకుల చీటీ అవుతుంది, టిక్కులు పెట్టుకుంటూ నోటిలోది మర్చిపోతావు. ఒక్కో పేరు పక్కన పలకాల్సిన తీరు తెలుగులో, కాలం, తినే పూట రాసుకో. నువ్వు వెళ్ళే నెలలో దొరకనివి ఇప్పుడే కొట్టెయ్యి. పొద్దుటిపూట వంటకాన్ని రాత్రి అడిగితే లేదంటారు, ఉందంటే అది మిగిలినదే.

దిగిన మర్నాడు పొద్దున్నే కూరగాయల బజారుకి వెళ్ళు. చదివిన పేరు గంపలో కనిపించినప్పుడు కలిగే సంబరం తిన్నప్పటికంటే తక్కువేమీ కాదు. మూడో పుస్తకం మాత్రం సగంలో ఆపి వెళ్ళు. తిరిగొచ్చాక మిగతా సగం చదువు, అక్కడ రచయితతో పోట్లాడటానికి నీ దగ్గరా సరుకుంటుంది.

మీ మామయ్య