ఇంటర్ హాస్టల్లో లేని బెంగ బీటెక్‌లో ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లోనే చదివింది. అప్పుడు ఏ ఇబ్బందీ పడలేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో బీటెక్‌లో చేరి నెల కావస్తోంది. రోజూ రాత్రి ఫోన్ చేసి ఏడుస్తోంది. పొద్దున్నే కడుపు నొప్పి అంటూ టిఫిన్ మానేస్తోంది. ‘వచ్చి తీసుకెళ్లమ్మా’ అంటోంది. నాకూ నిద్ర పట్టడం లేదు. తీసుకొచ్చేయమంటారా? నిద్ర మాత్రలేమైనా ఇవ్వొచ్చా?
- ఓ తల్లి, ఖమ్మం

జవాబు: నిద్ర మాత్రలు వద్దండి. అమ్మాయికీ వద్దు, డాక్టర్‌కి చూపించుకోకుండా మీరూ వేసుకోవద్దు.

ఇంటర్ హాస్టల్లో బాగానే ఉందన్నారు కదా, అసలు మెలిక అక్కడే ఉంది. అక్కడ లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఏం చేయాలో బెల్లు కొట్టి చెప్పేవాళ్లు. స్టడీ అవర్స్, వారం వారం పరీక్షలు... బెంగ పెట్టుకోవడానికి కూడా తీరిక ఉండదు. ఇప్పుడు లేపేవాళ్లు లేరు, క్లాసుకు ఎందుకు రాలేదని వెంటనే అడిగేవాళ్లూ లేరు. సాయంత్రం క్లాసులయ్యాక పడుకునే వరకూ ఆ నాలుగైదు గంటలు ఎలా గడపాలో తెలియదు. అక్కడ సెక్షన్‌లో ముందుండే పిల్ల ఇక్కడ అరవై మందిలో ఒకతి. ఇంటి బెంగ జబ్బు కాదు. చాలామందిలో మొదటి కొన్ని వారాల్లో మెల్లగా తగ్గుతుంది.

కడుపు నొప్పి ఆదివారం కూడా వస్తోందా? అడిగి చూడండి. క్లాసులున్న రోజు వచ్చి, సెలవు రోజు రాకపోతే టెన్షన్ పాత్ర ఉన్నట్టే. అలాగని వేషాలని కొట్టిపారేయొద్దు. మెదడుకీ పేగులకీ నాడుల ద్వారా సంబంధం ఉంది, నొప్పి నిజంగానే వస్తుంది. నిద్రలోంచి లేపేంత నొప్పి, వాంతులు, జ్వరం, విరేచనంలో రక్తం, బరువు తగ్గడం వంటివి ఉంటే మాత్రం డాక్టర్‌కి చూపించాలి. నీరసంగా ఉంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి.

ఇక ఫోన్ సంగతి. ‘తిన్నావా? ఇంకా నొప్పిగా ఉందా? ఇవాళ కూడా ఏడ్చావా?’ అని మొదలుపెడితే ఏడుపు రాని పిల్లకు కూడా వస్తుంది. ‘మెస్‌లో ఇవాళ ఏం కూర? మీ రూమ్‌మేట్‌ది ఏ ఊరు?’ అని అడగండి. ఏడిస్తే ఏడవనివ్వండి, వెంటనే ఓదార్చాలనీ లేదు. నా దగ్గరికి వచ్చే పిల్లలు తరచూ చెప్పే మాట ఒకటుంది: అమ్మతో మాట్లాడి ఏడ్చేసి, పావుగంటకు ఫ్రెండ్స్‌తో మెస్‌కి వెళ్లిపోయామని. అమ్మ మాత్రం తెల్లవార్లూ మేలుకునే ఉంటుంది!

ఇప్పుడే తీసుకురావద్దు. ప్రతి శనివారం ఖమ్మం బస్సెక్కే అలవాటు కూడా చేయొద్దు, అక్కడ స్నేహాలు కుదిరేది ఆ రెండు రోజుల్లోనే. ‘దసరాకి వచ్చేయ్, అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం’ అని గట్టిగా చెప్పండి. తేదీ తెలిస్తే మనసు కొంత కుదుటపడుతుంది.

అయితే ముందు ర్యాగింగ్ ఏమైనా జరుగుతోందా అని సూటిగా అడగండి. జరుగుతుంటే దసరా దాకా ఆగే పని లేదు. కాలేజీకి ఫిర్యాదు చేయండి, యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522 కూడా ఉంది. రెండు వారాలకు పైగా రోజంతా దిగులుగా ఉండటం, క్లాసులు మానేసి మంచం దిగకపోవడం, నిద్ర పూర్తిగా దెబ్బతినడం కనిపిస్తే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ‘బతకాలని లేదు’ లాంటి మాట ఒక్కసారి వచ్చినా అదే రోజు బయల్దేరండి. మీరు చేరేలోగా వార్డెన్‌కి చెప్పి పక్కన ఎవరైనా ఉండేలా చూడండి. అలాంటి ఆలోచనలున్నాయా అని మీరు అడిగినంత మాత్రాన కొత్తగా పుట్టవు, కాబట్టి అడగడానికి భయపడొద్దు. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కి ఏ వేళలో ఫోన్ చేసినా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు.

ఆ నంబరు మీకూ పనికొస్తుంది. మీ నిద్ర సంగతి కూడా వాళ్లకు చెప్పండి.