బెంగళూరు తుమ్ములకి ఇంట్లో నేను చేసేవి

బెంగళూరుకి మారినప్పటి నుంచి ఏటా వానలు తగ్గే సమయానికి తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళ దురద, మందుల్లేకుండా ఇంట్లో ఏం చేయొచ్చు అని అడిగారు కదా. మాది అనంతపురం, ఉండేది మారతహళ్ళిలో, నాకూ ఇదే బాధ.

నాకు అన్నిటికంటే బాగా పనిచేసింది ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోవడం, యోగాలో జలనేతి అంటారే, అదే. మరగబెట్టి గోరువెచ్చగా చల్లార్చిన నీళ్ళు పావు లీటరు, అయోడిన్ కలపని ఉప్పు అర టీస్పూను, మంట పుట్టకుండా చిటికెడు వంటసోడా. సింకు మీదికి వంగి, తల పక్కకి తిప్పి, నోటితో ఊపిరి తీసుకుంటూ పైవైపు ముక్కురంధ్రంలో మెల్లగా పోస్తే రెండో దాంట్లోంచి వచ్చేస్తాయి, లోపల పట్టిన పుప్పొడి, దుమ్ము కూడా వాటితోపాటే పోతాయి. కొళాయి నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు మాత్రం మరగబెట్టకుండా అస్సలు వాడొద్దు. నీళ్ళలో ఉండే ఒక రకం అమీబా ముక్కులోంచి మెదడుకి ఎక్కితే బతకడం కష్టం, అరుదైన జబ్బే గానీ కేరళలో దాంతో మనుషులు చనిపోయారు.

తర్వాత ఇంటి చుట్టూ చూడండి. ఖాళీ సైట్లలో తెల్లపూలతో గుబురుగా పెరిగే వయ్యారిభామ, ఇక్కడ కాంగ్రెస్ గడ్డి అంటారు, దాని పుప్పొడి చాలామందికి పడదు. పూత రాకముందే పీకించాలి, అదీ గ్లవ్స్ వేసుకునే, ఎందుకంటే తగిలితే చర్మానికీ దురద వస్తుంది. బయటినుంచి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకోండి, దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడినీళ్ళలో ఉతకండి, పక్కబట్టల్లో ఉండి తుమ్ములు తెప్పించే, కంటికి కనిపించని దుమ్ము పురుగులు అలా అయితేనే చస్తాయి.

పసుపు పాలు, మిరియాల కషాయం గొంతుకి హాయిగా ఉంటాయి, నేనూ తాగుతాను, కానీ వాటివల్ల తుమ్ములు ఆగడం నేను చూడలేదు. ఆవిరి పట్టినా హాయి కాసేపే. పిల్లలకి మరుగుతున్న గిన్నె ముందు పెట్టి ఆవిరి పట్టించకండి, ఒలికితే ఒళ్ళు కాలుతుంది, పసిపిల్లల దగ్గర కర్పూరం అసలే వద్దు, ఫిట్స్ రావచ్చు. తేనె ఏడాది లోపు పిల్లలకి పెట్టకూడదు. మెడికల్ షాపులో ఇచ్చే ముక్కు దిబ్బడ చుక్కలు కూడా మూడు, నాలుగు రోజులకి మించి వాడితే దిబ్బడ ఇంకా ఎక్కువవుతుంది.

ఇవన్నీ చేసినా రాత్రి నిద్ర పట్టకపోతే డాక్టర్‌ని అడిగి ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే వాడండి, రోజూ వాడితే కొన్ని రోజులకి గానీ గుణం కనిపించదు. ఊపిరిలో పిల్లికూతలు వినిపిస్తున్నా, ఆయాసం వస్తున్నా మాత్రం ఇంటి వైద్యం పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.