నాన్న నంబరుకే ఫోన్ చెయ్యి

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. లండన్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. క్లాసులు పోగా వారానికి 20 గంటలు ఒక సూపర్‌మార్కెట్‌లో పార్ట్‌టైమ్ చేస్తాను. నెలకు రెండు శనివారాలు రూమ్మేట్స్‌తో కలిసి బ్రైటన్, మార్గేట్, సౌతెండ్ లాంటి సముద్రపు ఊళ్లకు వెళ్తాను. ఖర్చు నా సంపాదనలోంచే. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేస్తాం. ఈమధ్య స్టేటస్‌లో పెట్టిన ఫోటో చూసి అన్నయ్య, "ఇల్లు తాకట్టు పెట్టి పంపింది బీచ్‌లు తిరగడానికా?" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. వదిన, పిన్ని కూడా ఏవేవో అనుకుంటున్నారట. అమ్మ మాత్రం, "వెళ్తే వెళ్లు గానీ ఫోటోలు పెట్టకు, నాన్నకు తెలిస్తే ఇంట్లో గొడవ" అంటోంది. అప్పటినుంచి స్టేటస్ మా వాళ్లెవరికీ కనిపించకుండా పెట్టాను. శనివారం ఫోన్ వస్తే లైబ్రరీలో ఉన్నానని చెబుతున్నాను. మొన్న బ్రైటన్ దగ్గర కొండ మీద మన సైనికుల స్మారకం ఛత్రి చూశాం. నాన్న 20 ఏళ్లు ఆర్మీలో చేశారు. ఆయనకు చెప్పాలనిపించింది, చెప్పలేకపోయాను. ట్రిప్పులు మానేయాలా? ఇలాగే దాచుకుంటూ పోవాలా? అన్నయ్యకు ఎలా బుద్ధి చెప్పాలి?

జవాబు: నా చిన్నకూతురి వయసు నీది. అందుకే 'నువ్వు' అనే రాస్తున్నాను.

ట్రిప్పులు మానక్కర్లేదు. విక్టోరియా స్టేషన్‌లో రైలెక్కితే గంటలో బ్రైటన్. మీ వయసు వాళ్లకిచ్చే రైల్‌కార్డు ఉంటే టికెట్‌లో మూడోవంతు తగ్గుతుంది. డబ్బాలో ఇంత పులిహోర పెట్టుకుని పోయి, ఆ గులకరాళ్ల ఒడ్డున నలుగురూ కూర్చుని తిని వస్తే ఎవరి కొంపా మునగదు. ఆరు రోజులు గడియారంతో పరుగెత్తే పిల్లకు ఆ గాలి కావాలి. ఇక స్టేటస్ ఎవరికి కనిపించాలో, ఎవరికి కనిపించకూడదో నన్ను అడగకు. దాని గురించి ఇంతకంటే రాయను.

అన్నయ్యకు బుద్ధి చెప్పే పని కూడా పెట్టుకోకు. అతని మాట కటువుగానే ఉంది. కానీ అమ్మానాన్నల దగ్గర ఉండి బ్యాంకుకు తిరుగుతున్నది అతనే అయి ఉంటాడు. ఆ టెన్షన్ నీ మీద పడింది. పిన్ని మాటలు పిన్నివే, రెండు నెలలకు ఆవిడకు ఇంకొకరి ఫోటో దొరుకుతుంది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అన్నయ్య గురించి రాశావు, వదిన, పిన్ని, అమ్మ అందరి గురించీ రాశావు. నాన్న గురించి రాసింది రెండే ముక్కలు: తెలిస్తే గొడవ, చెప్పాలనిపించింది. నాకు ఆ రెండో ముక్క దగ్గర చెయ్యి ఆగిపోయింది. తాకట్టు కాగితాల మీద సంతకం చేసింది ఆయనే కదా? మరి నువ్వు సంజాయిషీ ఎవరికి చెప్పుకుంటున్నావు? అన్నయ్యకు కోపం, అమ్మకు భయం, నీకు అబద్ధం. అసలు మనిషికి మాత్రం ఏమీ తెలియదు. ఆయన కోప్పడతారని మీ ముగ్గురూ ముందే తీర్మానించేశారు. ఆయన్ను ఒక్కరైనా అడిగారా?

మన ఇళ్లలో ఇది నేను చాలా చూశాను. పిల్లలకు, తండ్రికి మధ్య అమ్మ నిలబడుతుంది. ఫీజు కావాలన్నా అమ్మకే చెప్పాలి, జ్వరం వచ్చినా అమ్మకే చెప్పాలి. ఆవిడ అందులో సగం దాచి, సగం మెత్తబరిచి ఆయనకు చేరవేస్తుంది. ప్రేమతోనే చేస్తుంది, కాదనను. కానీ ఇరవై నాలుగేళ్లు వచ్చి, దేశం కాని దేశంలో సొంతంగా సంపాదిస్తున్న అమ్మాయి కూడా నాన్నతో మాట్లాడాలంటే అమ్మ మీదుగానే పోవాలా? మా నాన్నతో నేనూ అంతే. నా ఉద్యోగం, నా పెళ్లి, అన్నీ అమ్మ నోటి మీదుగానే ఆయనకు తెలిశాయి. అమ్మ పోయాక నెలరోజులు ఆయన దగ్గర ఉన్నాను. ఇద్దరం ఒకే వరండాలో కూర్చుని మాటలు వెతుక్కునేవాళ్లం. "తిన్నావా" తర్వాత ఏమనాలో ఆయనకూ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు. నువ్వు అక్కడిదాకా రాకూడదని ఇంత గట్టిగా చెబుతున్నాను.

లైబ్రరీలో ఉన్నానన్న అబద్ధం నాకు ఇంకో కారణం వల్ల కూడా నచ్చలేదు. ఆ సముద్రం చూడ్డానికి నెమ్మదిగా ఉంటుంది, కానీ నీళ్లు చల్లన. ఈతొచ్చిన వాళ్లకు కూడా దిగగానే ఒక్కసారిగా ఊపిరి బిగుసుకుపోతుంది. 2016 ఆగస్టులో కాంబర్ శాండ్స్ అనే బీచ్‌లో ఒకేరోజు అయిదుగురు కుర్రాళ్లు మునిగి చనిపోయారు. నీలాగే లండన్ వైపు నుంచి సరదాగా వెళ్లినవాళ్లే, శ్రీలంక తమిళ కుటుంబాల పిల్లలు. అప్పట్లో ఆ బీచ్‌లో లైఫ్‌గార్డులు లేరు. బ్రైటన్‌కు తూర్పున సెవెన్ సిస్టర్స్ సుద్దకొండలున్నాయి, ఏదో ఒక శనివారం అక్కడికీ వెళ్తారు. ఆ అంచులు కింద గుల్లగా ఉండి ఉన్నట్టుండి విరిగిపడతాయి. అక్కడ ఫోటో కోసం ఎగిరి పడిపోయి ప్రాణం పోగొట్టుకున్న విదేశీ విద్యార్థిని కూడా ఉంది. నీళ్లలో దిగితే లైఫ్‌గార్డులు పాతిన ఎరుపు పసుపు జెండాల మధ్యనే దిగు. కొండ అంచుకు దూరంగా ఉండు. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంట దూకకుండా అక్కడి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని చెప్పు. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి. కానీ ఏదైనా జరిగిన రోజున మీ ఇంట్లో వాళ్లు లైబ్రరీకి ఫోన్ చేస్తారు. అది తలుచుకుంటేనే నాకు కడుపులో దేవుతోంది. ఎక్కడికి వెళ్తున్నావో ఇంట్లో ఒక మనిషికైనా నిజం తెలియాలి. ఆ మనిషి నాన్న కావాలని నా మాట.

డబ్బు సంగతి కూడా ఆయనతోనే మాట్లాడు. చదువు అయ్యేదాకా కిస్తీ కట్టక్కర్లేకపోయినా చాలా బ్యాంకుల్లో వడ్డీ నడుస్తూనే ఉంటుంది, తర్వాత అసలులో కలుస్తుంది. నెలకు నీకు వచ్చేదెంత, అద్దెకు పోయేదెంత, ట్రిప్పుకు అయ్యేదెంత, ఒక కాగితం మీద రాసి ఫోటో తీసి పంపు. వీలైతే ఒక ట్రిప్పు ఖర్చంత వడ్డీ కింద లోన్ ఖాతాలో జమ చెయ్యి. ఎంత చిన్న మొత్తమైనా సరే. ఇల్లు తాకట్టు పెట్టిన తండ్రికి కూతురు చెప్పాల్సిన లెక్క అది. చెప్పాక ఇక తలవంచుకోనక్కర్లేదు. సొంత కష్టంతో రైలెక్కి, దొంగలా దాక్కోవడం నీకు తగదు.

ఆయన కోప్పడొచ్చు. ఆర్మీలో చేసినవారు, ఆడపిల్లవి, దూరాన ఉన్నావు. రెండు నిమిషాలు కోప్పడనీ. మధ్యలో అమ్మకు ఫోన్ ఇవ్వమని మాత్రం అడగకు. అమ్మకు ముందే చెప్పు: "ఈసారి నేనే నాన్నతో మాట్లాడతానమ్మా, నువ్వు భయపడకు" అని.

మొదలుపెట్టడానికి మాట నీ దగ్గరే ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన మన సైనికులకు బ్రైటన్‌లోని రాజభవనమే ఆస్పత్రి అయింది. అక్కడ చనిపోయిన హిందూ, సిక్కు సైనికులను ఊరి బయట ఆ కొండ మీదే దహనం చేశారు. ఆ చోటనే 1921లో ఛత్రి ఆవిష్కరించారు. ఇంటికి ఇన్ని వేల మైళ్ల దూరంలో కాలిపోయిన మనవాళ్ల దగ్గర నిలబడితే నీకు గుర్తొచ్చింది నాన్న. ఆ సంగతి ఆయనకు తెలియకుండా ఎలా ఉంచుతావమ్మా?

ఈ ఆదివారం నీకు పొద్దున పదకొండైతే ఇక్కడ మధ్యాహ్నం మూడున్నర, అక్కడ చలికాలమైతే నాలుగున్నర. అమ్మ నంబరుకు వద్దు, నాన్న నంబరుకే చెయ్యి. ముందు ఛత్రి ఫోటో పంపు. నువ్వు తీసింది, నువ్వూ అందులో ఉన్నది. "ఇదెక్కడమ్మా?" అని ఆయన అడిగితే, బ్రైటన్ అని చెప్పు. శనివారం ఎవరితో వెళ్లావో, ఎంతయిందో, సముద్రం ఎలా ఉందో కూడా చెప్పు.