తెగులు బూజుతో నానో పొడి చేయొచ్చా?

ప్రశ్న: మాది నంద్యాల. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. శనగకు ఎండు తెగులు తెచ్చే ఫ్యుజేరియం బూజుతో జింక్ ఆక్సైడ్ నానో రేణువులు చేసి ప్రాజెక్టుగా పెడదామనుకుంటున్నాను. బూజు నిజంగా ఆ పని చేస్తుందా? ఫ్లాస్కులో తెల్లటి పొడి దిగితే వచ్చినట్టేనా?

జవాబు: బూజు చేస్తుందమ్మా, సందేహం లేదు. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో మురళి శాస్త్రి బృందం ఫ్యుజేరియం ఆక్సిస్పోరమ్‌తో 2004లో జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్), 2005లో టైటానియా (టైటానియం ఆక్సైడ్) రేణువులు తయారుచేసింది. నాకు అన్నిటికన్నా నచ్చింది 2006 నాటి ఊక ప్రయోగం. అందులో వచ్చింది సిలికా, అంటే సిలికాన్ ఆక్సైడ్. సిలికాన్ మీ జింకులా లోహం కాదు గానీ, చెప్పకుండా ఉండలేను. రైస్ మిల్లు దగ్గర గుట్టలుగా పడుండే వరి ఊకే. దాన్ని ఈ బూజుతో కలిపి ఉంచితే 24 గంటల్లో, కొలిమి లేకుండా, ఊకలోని సిలికా 2 నుంచి 6 నానోమీటర్ల స్ఫటికాలుగా నీళ్లలోకి దిగింది. బూజు వదిలే ప్రొటీన్లే ఆ పని చేస్తాయి. తయారైన రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోకుండా కాపాడేదీ అవే.

పొడి సంగతికొస్తే, తెల్లగా దిగినంత మాత్రాన నమ్మకండి. నేను పాఠం చెప్పే రోజుల్లో బూజు పెంచిన మీడియంనే (పోషక ద్రవాన్నే) వడకట్టి, అందులో జింక్ నైట్రేట్ కలిపాం. పాలు విరిగినట్టు తెల్లగా దిగింది. పిల్లలు ఎగిరి గంతేశారు. మర్నాడు బూజు వేయని మీడియంలో కలిపితే అదీ అలాగే విరిగింది. అందులోని ఫాస్ఫేటు జింకును పట్టుకుని దించేసింది. పిల్లల ముఖాలు ఇప్పటికీ గుర్తే.

అందుకని చాపలా అల్లుకున్న బూజును డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడిగి, మళ్లీ డిస్టిల్డ్ వాటర్‌లోనే రెండు మూడు రోజులు ఉంచి, వడకట్టిన ఆ నీటితో పనిచేయండి. పోల్చి చూడ్డానికి పక్కన ఉత్త జింక్ ద్రావణం ఒకటి, మరిగించి చల్లార్చిన బూజు నీటిలో జింకు కలిపింది ఒకటి తప్పకుండా పెట్టండి. ఇంకో మాట. దిగిన పొడిని ఫర్నేసులో 450 డిగ్రీల దగ్గర కాలిస్తే ఉత్త జింక్ హైడ్రాక్సైడ్ కూడా ఆక్సైడ్ అయిపోతుంది. అప్పుడు ఆ పని బూజుదో మంటదో ఎవరు చెప్పగలరు? కాల్చకముందే కొంత పొడి తీసి, అది ఏ పదార్థమో తేల్చే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ పరీక్షకు పంపండి.

పని అయ్యాక ఫ్లాస్కులు 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేయకుండా (ఒత్తిడితో కూడిన ఆవిరిలో ఉడికించి బూజును చంపకుండా) సింకులో పారబోయొద్దు. మీ చుట్టూ శనగ చేలు. ఈ బూజు నేలలో చేరిందంటే ఏళ్ల తరబడి బతికే ఉంటుంది.