పాఠకుల ప్రశ్నలు: దుకాణాలు, ఆఫీసుల్లో థర్మోస్టాట్ సెట్టింగులు

(అమెరికా నుంచి వచ్చిన ఉత్తరాలకు సమాధానాల్లో ఉష్ణోగ్రతలు ఫారెన్‌హీట్‌లోనూ, హైదరాబాద్ ఉత్తరానికి సెల్సియస్‌లోనూ ఇచ్చాము.)

ప్రశ్న: టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఒక స్ట్రిప్ మాల్‌లో మాకు భారతీయ సరుకుల దుకాణం, దానికి ఆనుకొని చిన్న కర్రీ పాయింట్ ఉన్నాయి. పైకప్పు మీద గ్యాస్ హీటింగ్, రెండు కంప్రెసర్లు ఉన్న యూనిట్ ఒకటి ఉంది. పాత థర్మోస్టాట్ పాడైతే కొత్త ప్రోగ్రామబుల్ థర్మోస్టాట్ కొని బిగించాం. అప్పటి నుంచి చలికాలం ఉదయాల్లో హీటింగ్ నడిచిన గంటలోపే కూలింగ్ మొదలవుతోంది. వేసవి మధ్యాహ్నాల్లో లోపల 80 కంటే కిందికి దిగడం లేదు. పనివాళ్లు తలా ఒక అంకె నొక్కుతున్నారు. ఎన్ని డిగ్రీలు పెడితే ఈ బాధ తప్పుతుంది? – ఒక దుకాణదారు, ఇర్వింగ్

సమాధానం: డిగ్రీల సంగతి తర్వాత చూద్దాం. కొత్త థర్మోస్టాట్‌కు తాను ఏ యంత్రాన్ని నడపబోతున్నదో తెలియదు. మనం మార్చకపోతే చాలా మోడళ్లు ఒకే కంప్రెసర్ ఉన్న సాదా యంత్రం అనుకొని పనిచేస్తాయి. మీ వేసవి ఇబ్బందికి ఎక్కువగా ఇదే కారణమై ఉంటుంది: పైన రెండు కంప్రెసర్లు ఉన్నా, థర్మోస్టాట్ మొదటిదాన్నే పిలుస్తూ రోజంతా దానితోనే నెట్టుకొస్తోంది.

కాబట్టి ముందు ఇన్‌స్టాలర్ సెటప్ అనే మెనూ తెరవండి. ఇది మామూలు షెడ్యూల్ మెనూలో కనిపించదు; ఏ బటన్లు కలిపి నొక్కాలో, ఏ కోడ్ కొట్టాలో మోడల్‌తో పాటు వచ్చిన పుస్తకంలో ఉంటుంది. అందులో యంత్రం రకాన్ని కన్వెన్షనల్ (హీట్ పంప్ కాని మామూలు రకం) అనీ, కూలింగ్ దశలను (మీ యూనిట్‌లో ఒక్కో కంప్రెసర్ ఒక్కో దశ) రెండు అనీ పెట్టి, హీటింగ్ దశలు ఒకటో రెండో యూనిట్ నేమ్‌ప్లేట్ చూసి నింపండి. తర్వాత థర్మోస్టాట్ ముఖాన్ని ఊడదీసి, వెనుక ఉన్న పలకలో వై2 అన్న చోట నిజంగా తీగ ఉందో లేదో చూడండి. మెనూలో రెండు దశలు పెట్టినా ఆ తీగ లేకపోతే రెండో కంప్రెసర్‌కు కబురు అందదు. తీగ రంగును నమ్మవద్దు. పసుపు కూలింగ్‌కు, తెలుపు హీటింగ్‌కు, ఆకుపచ్చ ఫ్యాన్‌కు వాడడం ఆనవాయితీయే గాని, ఎవరూ తప్పక పాటించే నియమం కాదు. పైన యూనిట్ బోర్డులో ఏ తీగ ఏ అక్షరం దగ్గర ఉన్నదో, కింద కూడా అదే అక్షరం దగ్గర ఉండాలి. ముఖం ఊడదీసే ముందు యూనిట్‌కు కరెంటు ఆపి, తీగలున్న పలకను ఫోనులో ఫొటో తీసుకోండి. ఈ తీగల్లో ఉండేది 24 వోల్టులే కాబట్టి మనిషికి పెద్దగా ప్రమాదం లేకపోయినా, కరెంటు ఉండగా, దాన్ని తెచ్చే ఆర్ తీగ తిరిగి తీసుకెళ్లే సి తీగకు తగిలితే పైన ఫ్యూజు గాని ట్రాన్స్‌ఫార్మర్ గాని పోతుంది. పైకప్పు మీది యూనిట్ తెరిచి చేసే పని మాత్రం లైసెన్సు ఉన్న మెకానిక్‌కు వదిలివేయడమే మంచిది.

ఇక ఉదయం హీటింగ్, వెంటనే కూలింగ్ అన్న సంగతి. హీటింగ్ నుంచి కూలింగ్‌కు థర్మోస్టాటే దానంతట అది మారే ఆటో చేంజోవర్‌లో హీటింగ్‌కు 71, కూలింగ్‌కు 73 అన్నట్టు దగ్గర దగ్గరగా పెడితే, పొయ్యిలు వెలిగిన అరగంటకే గది ఈ గీత దాటి ఆ గీతను తాకుతుంది. గ్యాసుకు డబ్బు పెట్టి వేడి చేసిన గాలినే కరెంటుకు డబ్బు పెట్టి చల్లబరుస్తారు. వాణిజ్య భవనాలకు అమెరికాలో ప్రామాణికంగా వాడే ఆష్రే (ఏసీ, హీటింగ్ ఇంజనీర్ల సంఘం) 90.1 నిబంధనల ప్రకారం ఈ రెండు గీతల మధ్య కనీసం 5 డిగ్రీల ఎడం ఉండాలి. డెడ్‌బ్యాండ్ అన్న పేరుతో మెనూలో ఉండే ఆ ఎడాన్ని 5 చేసి, దుకాణం తెరిచి ఉన్న వేళల్లో హీటింగ్ 68, కూలింగ్ 75 పెట్టండి.

రాత్రి వేళలకు ఆఫీసులైతే కూలింగ్‌ను 85 దాకా వదలమని నేనే చెప్పేవాడిని. మీ దుకాణానికి ఆ సలహా పనికిరాదు. పాలు, పెరుగు, గడ్డకట్టించిన పరాఠాలు పెట్టే అద్దాల ఫ్రిజ్‌లు చాలావరకు 75 డిగ్రీల గదిని దృష్టిలో పెట్టుకొని చేసినవి. లోపలి లేబుల్ మీద టైప్ 1 అని ఉంటే 75కూ, టైప్ 2 అని ఉంటే 80కీ మించని గదిలో పెట్టాలని అర్థం. పైగా తమ యంత్రం కిందనే ఉన్న ఫ్రిజ్‌లు వేడినంతా దుకాణంలోకే వదులుతాయి. ఆగస్టు రాత్రి గదిని 85కు వదిలితే మీరు పైన మిగిల్చిన కరెంటును ఆ ఫ్రిజ్‌లు తినేస్తాయి, బెల్లం దిమ్మలు చెమ్మగిల్లుతాయి. టైప్ 1 ఫ్రిజ్ ఒక్కటి ఉన్నా రాత్రి కూలింగ్ కూడా 75 లోనే ఉంచండి, ఫ్రిజ్‌లన్నీ టైప్ 2 అయితే 80 చాలు. చలికాలం రాత్రి హీటింగ్‌ను మాత్రం 60కి నిశ్చింతగా తగ్గించవచ్చు.

ఫ్యాన్ దగ్గర ఇంటి అలవాటు దుకాణంలో చెల్లదు. ఇంట్లో ఫ్యాన్‌ను ఆటోలో ఉంచుతాం. దుకాణంలో బయటి గాలి లోపలికి వచ్చేది ఆ పైకప్పు యూనిట్ డ్యాంపర్ (గాలిని వదిలే రెక్కల తలుపు) గుండానే కాబట్టి, జనం ఉన్న వేళల్లో ఫ్యాన్ ఆన్‌లోనూ, మూసి ఉన్న వేళల్లో ఆటోలోనూ ఉండాలి. మీకు కర్రీ పాయింట్ కూడా ఉంది. పొయ్యిల మీది హుడ్ గాలిని బయటికి లాగుతూ ఉంటే, ఆ లోటును పూడ్చే గాలి ఎక్కడి నుంచో రావాలి. యూనిట్ ఫ్యాన్ ఆగిన ప్రతిసారీ దుకాణంలో ఒత్తిడి పడిపోతుంది. వచ్చినవాళ్లు ముందు తలుపును రెండు చేతులతో లాగాల్సి వస్తున్నదంటే, తలుపు సందుల్లో గాలి ఈల వేస్తున్నదంటే కారణం అదే. ఫ్యాన్ ఆన్‌లో పెట్టినా అలాగే ఉంటే, అది థర్మోస్టాట్ సరిచేయగల పని కాదు. హుడ్‌కు విడిగా మేకప్ ఎయిర్, అంటే అది లాగిన గాలి లోటును పూడ్చే ఏర్పాటు, ఉందో లేదో మెకానిక్‌తో చూపించండి. నిరంతరం ఫ్యాన్ నడిపితే ఒక నష్టం కూడా ఉంది: కంప్రెసర్ ఆగినప్పుడు కాయిల్ మీది తడి మళ్లీ గాలిలో కలిసి ఉక్కపోత పెరుగుతుంది. అయినా వంట జరిగే చోట బయటి గాలికే నేను ఓటు వేస్తాను.

మరో చిన్న మాట. థర్మోస్టాట్ వెనుక గోడలో తీగలు వచ్చే రంధ్రాన్ని చాలామంది మూయరు. గోడ లోపలి గాలి ఆ రంధ్రంలోంచి నేరుగా సెన్సర్ మీదికి వచ్చి, గదిలో 75 ఉంటే 79 అనిపిస్తుంది. కాస్త పుట్టీతో మూసేయండి. అది పొయ్యి గోడకు అవతలి వైపు గాని, ఫ్రిజ్ పైన గాని బిగించి ఉంటే, రిమోట్ సెన్సర్ తెప్పించి సరుకుల అరల మధ్య మనిషి ఛాతీ ఎత్తులో పెట్టించి, మెనూలో గోడ సెన్సర్‌ను ఆపి దాన్ని ఎంచుకోండి.

పనివాళ్ల విషయానికి గట్టిగా చెప్పడం కంటే కీప్యాడ్ లాక్ మేలు. పూర్తిగా బిగించకుండా, అటూ ఇటూ రెండు డిగ్రీలు మార్చుకునే వీలు ఉంచి, ఆ మార్పు రెండు గంటల్లో దానంతట అదే షెడ్యూల్‌కు తిరిగివచ్చేలా పెట్టండి. ఆ కాస్త స్వేచ్ఛ కూడా లేకపోతే థర్మోస్టాట్ మీద తడిగుడ్డ కప్పేవాళ్లు బయలుదేరుతారు.

ప్రశ్న: నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో మాది చిన్న ట్యాక్స్ ఆఫీసు. హీట్ పంప్ ఉంది. థర్మోస్టాట్ మార్చాక హీటింగ్ పెడితే చల్లగాలి, కూలింగ్ పెడితే వేడిగాలి వస్తున్నాయి. యంత్రం పాడైందా? – ఒక అకౌంటెంట్, షార్లెట్

సమాధానం: యంత్రం నిక్షేపంగా ఉంది. హీట్ పంప్‌లో రివర్సింగ్ వాల్వ్ అటు తిరిగితే చలువ, ఇటు తిరిగితే వేడి వస్తాయి. చాలా కంపెనీల యంత్రాల్లో ఆ వాల్వ్‌కు కూలింగ్ సమయంలో కరెంటు అందాలి. దీన్ని ‘ఓ’ (O) పద్ధతి అంటారు. రీమ్, రూడ్ వంటి కొన్నింటిలో హీటింగ్ సమయంలో అందాలి; ఇది ‘బి’ (B) పద్ధతి. కొత్త థర్మోస్టాట్ ఓ/బి సెట్టింగ్ మీ యంత్రానికి తలకిందులుగా ఉంది. ఇన్‌స్టాలర్ సెటప్‌లో దాన్ని మార్చి, కంప్రెసర్ తిరిగి మొదలయ్యే దాకా ఐదు నిమిషాలు ఓపిక పట్టండి. కంప్రెసర్ ఆగిన వెంటనే మళ్లీ మొదలై దెబ్బతినకుండా థర్మోస్టాటే ఆ వ్యవధి పాటిస్తుంది.

మీరు అడగకపోయినా ఇంకొకటి చూసుకోండి. హీట్ పంప్‌కు తోడుగా కరెంటు హీటర్ తీగచుట్టలు ఉంటాయి; వాటిని ఆగ్జిలరీ హీట్ అంటారు. రాత్రి ఆఫీసును 58కి వదిలి, ఉదయం ఎనిమిదింటికి 70 అడిగితే, అంత తేడాను త్వరగా పూడ్చడానికి థర్మోస్టాట్ ఆ హీటర్లను పిలుస్తుంది, రాత్రి మిగిలిన డబ్బు తెల్లవారేసరికి ఆవిరైపోతుంది. గ్యాస్ హీటింగ్‌కు పనికొచ్చే పెద్ద తగ్గింపు హీట్ పంప్‌కు పనికిరాదు. రాత్రికి నాలుగైదు డిగ్రీలకు మించి తగ్గించకండి. ముందుగానే మెల్లగా మొదలుపెట్టే ఎర్లీ స్టార్ట్ సదుపాయాన్ని ఆన్ చేయండి. బయటి సెన్సర్ ఉంటే, బయట 40 డిగ్రీలకు పైన ఉన్నప్పుడు హీటర్లు రాకుండా లాకౌట్ పెట్టండి. చలి ఉదయాల్లో బయటి యూనిట్ నుంచి పొగలాగా ఆవిరి లేస్తే కంగారు పడవద్దు. అది పేరుకున్న మంచును కరిగించుకుంటున్నది, అంతే.

ప్రశ్న: న్యూజెర్సీలో మా కమ్యూనిటీ హాలు వారాంతాల్లోనే నిండుతుంది. మూడు యూనిట్లు, మూడు థర్మోస్టాట్లు. ఆదివారం జనం వచ్చాక గంట సేపు ఉక్కపోతే. కరెంటు బిల్లులో డిమాండ్ ఛార్జి కూడా ఎక్కువగా వస్తోంది. – ఒక కార్యవర్గ సభ్యుడు, ఎడిసన్

సమాధానం: కూర్చున్న మనిషి ఒక్కొక్కరు గంటకు సుమారు 350 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడి వదులుతారు. రెండు వందల మంది కూర్చుంటే 70,000 బీటీయూలు, అంటే దాదాపు ఆరు టన్నుల ఏసీ చేసే పని. ఆ వేడి వచ్చాక పోరాడడం ఏ యూనిట్‌కైనా కష్టం కాబట్టి, కార్యక్రమానికి రెండు గంటల ముందే ఖాళీ హాలును 71కి చల్లబరిచి, జనం వచ్చే వేళకు 74కు మార్చేలా షెడ్యూల్ రాయండి.

డిమాండ్ ఛార్జిని నెలలో అత్యధికంగా వాడుకున్న కొద్ది నిమిషాల సగటును బట్టి, చాలాచోట్ల పదిహేను నిమిషాల సగటును బట్టి, లెక్కగడతారు. మూడు యూనిట్లూ ఒకే నిమిషంలో మేల్కొని పూర్తి బలంతో నడిస్తే ఆ నెలంతటికీ ఆ అత్యధిక అంకే నిలిచిపోతుంది. ఉదాహరణకు మొదటిదాన్ని ఏడింటికి, రెండోదాన్ని ఏడున్నరకు, మూడోదాన్ని ఎనిమిదింటికి మొదలుపెట్టండి. రెండు మూడు నిమిషాల ఎడంతో మొదలుపెడితే ప్రయోజనం ఉండదు. మొదటి యూనిట్ తన పని చాలావరకు ముగించుకున్నాకే మూడోది అందుకోవాలి. అందుకోసం మూడింటిలోనూ ఎర్లీ స్టార్ట్‌ను ఆపేయాలి, లేకపోతే అవి మీ ఎడాన్ని పట్టించుకోకుండా తమ లెక్కతో ముందే లేస్తాయి. వారం మధ్యలో ఎవరైనా మీటింగ్ పెట్టుకుంటే షెడ్యూల్‌ను ముట్టుకోకుండా, రెండు గంటల ఓవర్‌రైడ్ బటన్ వాడమని చెప్పండి.

ప్రశ్న: మాదాపూర్‌లో మా ఆఫీసుకు డక్టబుల్ ఏసీ ఉంది. మధ్యాహ్నం త్వరగా చల్లబడాలని 18 పెడుతున్నాం. సరైనదేనా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: 18 పెట్టినా 24 పెట్టినా కంప్రెసర్ చల్లబరిచే వేగం సాధారణంగా ఒక్కటే, 18 పెడితే ఆగకుండా నడుస్తుంది, అంతే తేడా. గది ఏసీలు 24 డిగ్రీల డిఫాల్ట్‌తో రావాలని 2020 జనవరి నుంచి నియమం ఉంది. డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. మీరూ 24 పెట్టి, మోడ్‌ను ఆటోలో కాక కూల్‌లో ఉంచండి, మీకు హీటింగ్‌తో పని లేదు కదా. కరెంటు పోయి జనరేటర్ మీదికి మారినప్పుడు ఏసీ కొన్ని నిమిషాలు మౌనంగా ఉంటే మాటిమాటికీ ఆఫ్ ఆన్ చేయవద్దు. ప్రతి నొక్కుకూ ఆ ఆలస్యం మళ్లీ మొదటి నుంచి లెక్కపడవచ్చు.